పాత జైలు రోడ్డు పక్కన మా కొత్త జైలు



చాలా రోజుల తర్వాత మళ్లీ పెద్ద పోస్టు. కాస్త ఓపిక పట్టి చదవండి. నిరుడు దీపావళి వానల్లో మన సంఘం గదిలోని కంప్యూటర్‌ను రెండు నెలలు ఎందుకు మూసేశామని చాలామంది అడిగారు. "సంఘంలో ఏదో జైలు కడతా ఉండారంట" అని కల్మండపం దాకా మాట పాకింది. అడిగినవాళ్లకు విడివిడిగా చెప్పాం గానీ అందరికీ ఒకచోట చెప్పలేదు. ఆ బాకీ ఇవాళ తీరుస్తున్నాం. ఇందులో మా తప్పులున్నాయి. కాబట్టి ఇంకా ముందే చెప్పాల్సింది.

మేం అంటే ఆదివారం తెలుగు తరగతి నడిపే నలుగురం. ఇద్దరికి కంప్యూటర్ ఉద్యోగం, ఒకరు టీచరు, ఇంకొకరికి ఎం.సి. రోడ్డులో బట్టల అంగడి. నలుగురిలో ఏ తప్పు ఎవరిదని ఈ పోస్టులో విడదీయడం లేదు. మాలో మాకు తెలుసు. మీ ముందు మాత్రం అది నలుగురి తప్పే.

ముందు ఆ కంప్యూటర్‌లో ఏముందో చెప్పాలి.

తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి పాఠమైంది. ఏటా ఒక్కో తరగతి చొప్పున పైకి వచ్చి 2016కల్లా పదో తరగతి పరీక్షకు చేరింది. ఆ తర్వాత మినహాయింపుల కోసం కోర్టుల చుట్టూ తిరగడం మీకు తెలిసిందే. తమిళంతో మాకు పేచీ లేదు. మనం బతికేది ఈ ఊళ్లో, మన పిల్లలు తమిళం బాగా చదవాల్సిందే. కానీ తెలుగు అక్షరం కంటబడే చోటు వాళ్లకు తగ్గిపోయింది. ఇంట్లో మాట్లాడే తెలుగును రాసి చూపిస్తే "ఇది తెలుగేనా?" అని అడిగే పిల్లలు మన తరగతిలో ఉన్నారు.

అందుకే మూడేళ్ల కిందట ఒక పట్టిక మొదలుపెట్టాం. రాయపురం, కాశిమేడు, కొరుక్కుపేట, తండయారుపేట వైపు మన ఇళ్లలో వాడే మాటలు, వాటి అర్థాలు, ఒక్కో మాటకు ఒక్కో వాక్యం. తీసుకోవడానికి ఎత్తుకోవడం, ఎక్కువకు జాస్తి, కొంచేనికి రవంత, చోటుకు తావు. పుస్తకాల్లో వెతికితే దొరకనివి కూడా కొన్ని ఉన్నాయి. పదకొండు మంది తలా కొన్ని మాటలు చేరుస్తూ వచ్చారు. ఇప్పుడు మూడు వేలు దాటింది.

పదకొండు మంది ఒకే పట్టికలో చేయి పెడితే ఏమవుతుందో రెండో నెలలోనే తెలిసింది. హైదరాబాదులో చదివి వచ్చిన ఒక అబ్బాయి ఒక రాత్రి కూర్చుని మన మాటలను "సరిదిద్దాడు". అంగడి పోయి దుకాణం వచ్చింది. రవంత పోయి కొంచెం వచ్చింది. తావు ఉన్న చోట చోటు కూర్చుంది. తెల్లారేసరికి రెండు వందల మాటలు మంచి తెలుగైపోయాయి. అతనిది చెడ్డ ఉద్దేశం కాదు. తప్పులు దిద్దుతున్నాననే అనుకున్నాడు. ఇలా మంచి మనసుతో చెరిపేసినవాటిని తిరిగి తెచ్చుకోవడమే అన్నిటికన్నా కష్టం. ఫలానాది పోయిందన్న సంగతే ఎవరికీ తెలియదు గదా.

మేం మాత్రం ఒక్క ఆదేశంతో అన్నిటినీ వెనక్కి తెచ్చుకున్నాం. పట్టిక గిట్‌లో ఉంది కాబట్టి. గిట్ అంటే తెలియనివారికి ఒక్క మాట. తెలుగు వికీపీడియా చదివేవాళ్లు చూసే ఉంటారు, ప్రతి పుటకూ పాత మార్పుల చరిత్ర ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం మార్చారో అందులో కనిపిస్తుంది. గిట్ అదే పనిని మన ఫైళ్లన్నిటికీ చేసిపెడుతుంది. లినస్ తోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నెల్ పని కోసం రాసిన ప్రోగ్రాము అది. ఇంకో సుగుణం, పని చేసే ప్రతివాడి దగ్గరా మొత్తం చరిత్రతో సహా నకలు ఉంటుంది. సంఘం గదిలోని కంప్యూటర్ మునిగిపోయినా పదకొండు ఇళ్లలో పట్టిక బతికే ఉంటుంది. వానాకాలంలో మన వీధుల సంగతి తెలిసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఈ నకళ్లన్నీ వచ్చి కలిసే చోటే సర్వరు. పాత డెస్క్‌టాప్ ఒకటి, దానిలో డెబియన్ లినక్స్, గదిలోని ఇంటర్నెట్ పెట్టె ద్వారా బయటికి తెరిచిన ఒక తలుపు. ఇళ్ల నుంచి అందరూ ఆ తలుపు గుండా వచ్చి మాటలు చేర్చేవాళ్లు.

ఇక తప్పుల్లోకి వద్దాం.

మొదటిది, పదకొండు మందికీ ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డ్. అది వాట్సాప్ గుంపులో ఉంది, గది గోడ మీద కాగితంపైనా ఉంది. రెండోది అంతకన్నా పెద్దది. అదే కంప్యూటర్‌లో ఇంకో మూల, పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తుల కోసం మీరిచ్చిన కాగితాల స్కాన్లు ఉన్నాయి. రేషన్ కార్డులు, కులం సర్టిఫికెట్లు, ఆధార్ నకళ్లు, పిల్లల ఫొటోలు. అరవై కుటుంబాలవి. మాటల పట్టిక దిద్దడానికి వచ్చినవాడు పక్క గదిలో బీరువా తెరవలేడని మేం అనుకున్నాం. నిజానికి అక్కడ పక్క గది లేదు, బీరువాకు తాళమూ లేదు.

దీపావళి తర్వాతి వారం, గట్టి వాన కురిసిన ఒక రోజు, మాలో ఒకరు ఊరికే లాగిన్ల చిట్టా చూశారు. రాత్రి రెండున్నర దాటాక, ఎవరిదో తెలియని చిరునామా నుంచి, మన పాస్‌వర్డ్‌తోనే ఎవరో లోపలికి వచ్చారు. పద్దెనిమిది నిమిషాలు ఉన్నారు. పదకొండు మందినీ అడిగాం. ఎవరూ కాదన్నారు.

పట్టికలో ఒక్క అక్షరం మారలేదు. గిట్ చరిత్రను మా ఇళ్లలోని నకళ్లతో పోల్చి చూశాం, అన్నీ సరిపోయాయి. కానీ ఆ స్కాన్లను ఎవరైనా తెరిచి చూశారా, కాపీ చేసుకున్నారా అంటే చెప్పే దారి లేదు. చదివినందుకు కాగితం మీద మరక పడదు గదా. వెంటనే ఇంటర్నెట్ వైరు పీకేశాం.

తర్వాత నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. దీనికి సాకు లేదు. "ఏమీ పోలేదు కదా, ఊరికే ఎందుకు భయపెట్టడం" అని ఒకరం, "చెప్తే మళ్లీ ఎవరూ కాగితం ఇవ్వరు" అని ఇంకొకరం. ఐదో రోజు ఆదివారం. తరగతికి పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులను చూశాక ఇక ఆగలేకపోయాం. అక్కడే చెప్పేశాం. ఒకామె అడిగింది ఒకే ప్రశ్న, "మా పాప ఫొటో కూడా అందులో ఉండాదా?" ఉందన్నాం. ఆమె ఇంకేమీ అనలేదు. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజు నుంచి పని మొదలుపెట్టాం.

మొదట కాగితాలు. ఏ దరఖాస్తు పని అయిపోయిందో వాటి స్కాన్లు చెరిపేశాం. ఇంకా అవసరమున్నవి విడి డిస్కులోకి మార్చి, నిజమైన బీరువాలో పెట్టి నిజమైన తాళం వేశాం. ఆ డిస్కు ఇప్పుడు ఇంటర్నెట్ ఉన్న ఏ యంత్రానికీ తగలదు. ఆ డెస్క్‌టాప్‌ను మొత్తం తుడిచి డెబియన్‌ను మళ్లీ మొదటి నుంచి ఎక్కించాం. ఒకసారి తెలియనివాడు తిరిగి వెళ్లిన యంత్రాన్ని తుడవకుండా నమ్మకూడదు. పాస్‌వర్డ్ తీసేసి మనిషికొక తాళంచెవి ఇచ్చాం. కంప్యూటర్ భాషలో దాన్ని ఎస్ఎస్‌హెచ్ కీ అంటారు. ఒకరి చెవి పోతే ఆ ఒక్కటీ రద్దు చేస్తే చాలు.

ఆ తర్వాతే జైలు.

యూనిక్స్‌లో ఫైళ్లన్నీ ఒక చెట్టు లాంటివి. వేరు దగ్గర ఒక గీత గుర్తు, దాన్నే రూట్ అంటారు. అక్కడి నుంచి కొమ్మలు. సీహెచ్‌రూట్ అంటే ఛేంజ్ రూట్, వేరును మార్చడం. ఒక ప్రోగ్రాముకు "నీకు చెట్టు మొత్తం ఇదే" అని ఒక కొమ్మను చూపిస్తాం. అది పై మెట్టుకు వెళ్లబోతే ఉన్నచోటికే తిరిగి వస్తుంది. దానికి పైన ఇంకేదో ఉందన్న సంగతే తెలియదు. 1979 నాటి యూనిక్స్ 7వ వెర్షన్‌లోనే ఈ ఏర్పాటు ఉంది. జైలు అన్న మాట వెనక ఒక కథ ఉంది. 1991లో బెల్ ల్యాబ్స్‌లో బిల్ చెస్విక్ అనే ఆయన, కంప్యూటర్లలోకి చొరబడటానికి చూస్తున్న ఒకణ్ణి గమనించడం కోసం ఇలాంటి గదినే కట్టి వాణ్ణి అందులో తిరగనిచ్చాడు. దాన్ని జైలు అన్నాడు. 2000లో ఫ్రీబీఎస్‌డీ వాళ్లు ఇంకా గట్టిగా కట్టిన తమ ఏర్పాటుకు జైలు అనే పేరే పెట్టుకున్నారు.

మా జైలు కట్టడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఇంకెవరైనా ఇదే పని చేయబోతే వాళ్లకు పనికొస్తుందని, ఎక్కడెక్కడ తట్టుకున్నామో రాస్తున్నాం.

ఎస్ఎస్‌హెచ్ సర్వరులో 2008 నుంచీ ఈ పనికి ఒక అమరిక ఉంది. ఫలానా వాడుకరి లోపలికి రాగానే ఫలానా ఫోల్డరే వాడి ప్రపంచమని ఒక వరుస రాస్తే చాలు. రాశాం. లోపలికి రాబోయాం. తలుపు తెరిచినట్టే తెరిచి మొహాన మూసేసింది. చిట్టా చూస్తే, గది యాజమాన్యం సరిగా లేదని ఉంది. ఆ గదిని మేం గిట్ వాడుకరి పేరు మీద కట్టాం. అది పొరపాటు. గదీ, వేరు నుంచి గది దాకా ఉన్న ప్రతి మెట్టూ రూట్ సొంతమై ఉండాలి, ఇంకెవరికీ మార్చే హక్కు ఉండకూడదు. ఎందుకో ఆలోచిస్తే అర్థమైంది. అద్దెకున్నవాడికి గోడలు మార్చే హక్కు ఇస్తే, గది లోపల దొంగ వాడుకరుల జాబితా, దొంగ లైబ్రరీలు పెట్టి పెద్ద ప్రోగ్రాములను మోసం చేయగలడు. అందుకని గది రూట్‌ది, లోపల పట్టిక ఉండే ఒక్క ఫోల్డరు మాత్రం గిట్ వాడుకరిది.

రెండో ఆదివారం గిట్ ప్రోగ్రామును గదిలోకి కాపీ చేశాం. నడిపితే "అలాంటి ఫైలు లేదు" అంది. ఫైలు కళ్ల ముందే ఉంది. గంటన్నర జుట్టు పీక్కున్నాం. లేనిది గిట్ కాదు. గిట్ ఆధారపడే లైబ్రరీలు, వాటిని మెమరీలోకి ఎక్కించే లోడరు. ఎల్‌డీడీ అనే ఆదేశమిస్తే ఏ ప్రోగ్రాముకు ఏయే లైబ్రరీలు కావాలో వరసగా చెప్తుంది. అవన్నీ బయట ఏ దారిలో ఉన్నాయో లోపలా అదే దారిలో పెట్టాం. ఇంటి నుంచి వంటవాణ్ణి తెచ్చి పొయ్యి, కట్టెలు తేవడం మరిచిపోయినట్టు అయింది మా పని.

తర్వాత డెవ్ నల్ లేదని గిట్ గొడవ చేసింది. డెవ్ నల్ అంటే అక్కర్లేనివన్నీ పారబోసే గొయ్యి. గదిలో అదీ ఉండాలి. మామూలు ఫైలుగా చేస్తే కుదరదు, ఎంకేనాడ్ ఆదేశంతో అసలైన పరికరంగానే చేయాలి. వాడుకరుల పేర్ల ఫైలులో రెండే రెండు పేర్లు పెట్టాం. బయటి ఫైలును అలాగే కాపీ చేయకూడదు, చేస్తే ఇంట్లో ఎవరెవరున్నారో వచ్చినవాడికి చెప్పినట్టే. లోపలికి రాగానే నడిచే షెల్‌గా గిట్ షెల్ పెట్టాం. అది గిట్ పనులు తప్ప మరేదీ చేయనివ్వదు. ఊరికే లోపలికి వచ్చి కూర్చుందామంటే కుదరదని చెప్పి పంపేస్తుంది.

మూడో ఆదివారం సాయంత్రం నాలుగింటికి, మాలో ఒకరి ఇంటి నుంచి "పొద్దుగూకులు" అనే మాట చేర్చి పంపితే సర్వరుకు చేరింది. గదిలో ఉన్న ముగ్గురం చప్పట్లు కొట్టాం.

ఇంత చేశాక ఈ జైలు ఏం చేయలేదో కూడా చెప్పాలి. లోపలివాడికి రూట్ అధికారం దొరికితే ఈ గోడ ఆగదు, దాటే దారులు అందరికీ తెలిసినవే. కాబట్టి రూట్ అధికారం తెచ్చిపెట్టే ప్రోగ్రామేదీ గదిలో ఉండకూడదు. సీహెచ్‌రూట్ ఫైళ్లను మాత్రమే దాస్తుంది, నెట్‌వర్కును దాచదు. ఎస్ఎస్‌హెచ్‌లో సొరంగం వేసే సౌకర్యం ఒకటుంది, దాన్ని విడిగా మూయకపోతే గదిలోంచే పక్క సేవలకు దారి వెళ్తుంది. మూశాం. ఇంకొకటి, గదిలోకి కాపీ చేసిన ప్రోగ్రాములు వాటంతట అవి కొత్తవి కావు. బయట డెబియన్ కొత్త సవరణలు వేసుకుంటున్నా లోపల పాత గిట్ పాత లోపాలతో అలాగే కూర్చుంటుంది. మొదటి నెల ఇది మరిచిపోయాం. ఇప్పుడు బయట సవరణ పడ్డ ప్రతిసారీ గదిని మళ్లీ నింపే చిన్న స్క్రిప్టు రాసుకున్నాం.

"ఇంత చిన్న పట్టికకు ఇంత హంగామానా, ఎవడొస్తాడు?" అని అడిగినవాళ్లున్నారు. 2003 నవంబరులో లినక్స్ కెర్నెల్‌కే జరిగింది. అప్పట్లో అసలు కోడు బిట్‌కీపర్‌లో ఉండేది. సీవీఎస్ వాడేవాళ్ల కోసం వేరే సర్వరులో ఒక నకలు ఉండేది. ఎవరో ఆ నకలులోకి చొరబడి రెండంటే రెండు వరుసలు చేర్చారు. ఇది దానికి సమానమా అని అడగాలంటే రెండు సమాన గుర్తులు పెట్టాలి, అక్కడ ఒకటే పెట్టారు. దాంతో అది ప్రశ్న కాకుండా పోయి, ఆ దారిన వచ్చినవాడికి రూట్ అధికారం ఇచ్చేసే వరుస అయింది. చదివితే అచ్చు తప్పులా ఉంటుంది. అసలుతో నకలును పోల్చే తనిఖీలో తేడా బయటపడింది. ఆ వరుసలు అసలు కోడులోకి చేరలేదు. కాపాడింది గోడ కాదు. రెండో నకలు ఒకటి ఉండటం, ఎవరో దాన్ని పోల్చి చూడటం.

ఇక జైలు పుకారు సంగతి.

మన పట్టికకు ప్రూఫులు దిద్దేది ఒక పెద్దాయన. మీలో చాలామందికి తెలుసు, పేరు రాయొద్దన్నారు. జార్జి టౌనులో తెలుగు ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చిన చేతులు ఆయనవి. డెబ్భై ఎనిమిదేళ్లు. మనవడు పక్కన కూర్చుని కంప్యూటర్ నొక్కుతుంటే ఆయన తప్పులు చెప్తారు. కొత్త తాళంచెవి ఇవ్వడానికి ఇంటికి వెళ్లి మేం చేసింది చెప్పాం, జైలు అన్న మాటతో సహా. ఆయన మొహం మారిపోయింది.

"ఏమి నాయనా, మేము దొంగలమా? అరవై ఏండ్లుగా ఈ వీధిలో ఉండాము. మమ్మల్ని జైల్లో పెడతా ఉండారా? పాత జైలు రోడ్డు పక్కనే ఉండాది కదా, అక్కడికే పొయ్యి కూర్చుంటాములే."

తాళంచెవి ముట్టుకోలేదు. కాఫీ మాత్రం ఇప్పించారు. తాగి వచ్చేశాం.

తిరిగి వస్తూ నిజంగానే ఆ రోడ్డు మీదుగా నడిచాం. ఆ దారిన రోజూ పోయే మనకు అక్కడ ఒక పాత గోడ ముక్క ఉందన్న సంగతి గుర్తుండదు. 1758-59లో ఫ్రెంచి సేనాని లాలీ చెన్నపట్నాన్ని ముట్టడించాక, ఇంగ్లీషువాళ్లు ఊరి చుట్టూ గోడ కట్టారు. దాని ఖర్చు రాబట్టడానికి వేయాలనుకున్న పన్ను పేరే సెంట్రల్ స్టేషన్ పక్కన వాల్ ట్యాక్స్ రోడ్డుగా మిగిలింది. గోడలో మిగిలిన ముక్క మీద ఇప్పుడు మాడి పూంగా ఉంది. మన రాయపురం ఆ గోడకు బయట. గోడ ఎవరి కోసం కడతారో లోపలివాళ్లకు తెలుసు. బయట ఉన్నవాడికి మాత్రం అది తననే చూసి కట్టినట్టు ఉంటుంది. పెద్దాయనకు కలిగిన బాధ అదేనని అక్కడ నిలబడ్డాక అర్థమైంది. అరవై కుటుంబాల కాగితాలు పోయే పరిస్థితి వచ్చిందన్న సంగతి చెప్పకుండా, గోడ గురించే చెప్పాం. చెప్పాల్సింది ముందు అది.

మర్నాడు మళ్లీ వెళ్లాం. ఈసారి మొదటి నుంచీ చెప్పాం. ఒకే పాస్‌వర్డ్, ఆ రాత్రి పద్దెనిమిది నిమిషాలు, ఆ తల్లి అడిగిన ప్రశ్న. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు:

"మా ప్రెస్సులోనూ అంతే కదా. రాసినాయన ఎంత పెద్ద పండితుడైనా సరే, కంపోజింగు గదిలోకి వచ్చేదానికి లేదు. ముందరి గదిలో బల్ల ఉంటాది, ప్రూఫు కాయితం ఉంటాది, పెన్సిలు ఉంటాది. అంతే. లోపలికొచ్చి ఒక్క అక్షరాల కేసు తట్టి పడేసినాడంటే, అవన్నీ ఏరి మళ్లా గళ్లల్లో వేసేదానికి మాకు రెండు దినాలు. మీరు నాకు ముందరి గది ఇచ్చినారు. అట్ల చెప్పక జైలు గియిలు అంటే ఎట్ల?"

తాళంచెవి తీసుకున్నారు. మేం లేవబోతుంటే ఇంకో మాట అన్నారు.

"గది కడితిరి, బాగుండాది. లోపల ముందే ఏమేమి పెట్టి ఉండారో చూసినారా? ఫారం బిగించే ముందర ఒకసారి మొత్తం చదవాల."

చూడలేదు. పట్టికే కదా, అందులో ఏముంటుందిలే అనుకున్నాం.

ఆ రాత్రే పట్టిక చరిత్ర మొత్తం మొదటి నుంచి చదివాం. రెండేళ్ల కిందటి ఒక రోజు, మా నలుగురిలో ఒకరి చేతి మీదుగా, సంఘం సభ్యుల జాబితా ఫైలు పట్టికలో చేరింది. నూట నలభై మంది పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు. మర్నాడే తీసేశాం. "పొరపాటున చేరింది" అని పక్కన రాసి కూడా పెట్టాం. కానీ గిట్ దేన్నీ మరవదు. అంగడిని తిరిగి తెచ్చిపెట్టిన గుణమే ఇక్కడ మమ్మల్ని పట్టుకుంది. తీసేసిన ఫైలు చరిత్రలో అలాగే ఉంది, పదకొండు ఇళ్లలోని పదకొండు నకళ్లలోనూ ఉంది. మూడు ఆదివారాలు కష్టపడి జైలు కట్టాం. దాచాల్సిన జాబితానేమో వచ్చినవాళ్లకు ఇచ్చే గదిలోనే పెట్టి ఉంచాం. వచ్చిన ప్రతివాడికీ దాని నకలు చేతికిచ్చి పంపాం.

గిట్ చరిత్రలోంచి ఒక ఫైలును పూర్తిగా తీసేయడానికి ఫిల్టర్ రెపో అనే పనిముట్టు ఉంది. అది చరిత్రను మొదటి నుంచి తిరగరాస్తుంది. సర్వరులో తిరగరాసి పాత తునకలు కూడా ఊడ్చేశాం. అది గంట పని. ఇళ్లలోని నకళ్లు మాత్రం మనుషుల పని. ఎవరో ఒకరు పాత నకలు నుంచి మళ్లీ పంపితే పాత చరిత్ర తిరిగి వచ్చేస్తుంది. అందుకని సర్వరును మూసి ఇంటింటికీ వెళ్లాం. కాశిమేడులో ఇద్దరు, తండయారుపేటలో ముగ్గురు, కొరుక్కుపేటలో ఒకరు, మిగతావాళ్లు మన చుట్టుపక్కల. పాతది చెరిపి కొత్తది ఎక్కించి వచ్చాం. బెంగళూరు వెళ్లిన అబ్బాయితో ఫోన్‌లో గంటసేపు కూర్చున్నాం. మన మాటలు "దిద్దిన" అబ్బాయి అతనే. "నేను మార్చిన ఆ రాత్రి కూడా చరిత్రలోంచి తీసేయండన్నా" అన్నాడు నవ్వుతూ. తీయలేదు. అది పట్టిక చరిత్ర, ఉండాల్సిందే.

నూట నలభై మందికీ చెప్పాం. అప్పుడు చెప్పని వివరాలు ఇవాళ చెప్పాం.

మూడు విషయాలు చెప్పి ముగిస్తాం.

"ఇంత తలనొప్పి ఎందుకు, ఏదైనా పెద్ద గిట్ సేవలో పెట్టేయొచ్చు కదా" అని కొందరన్నారు. నిజమే, చాలామందికి అదే మేలు. మాటల పట్టికకు అలాంటి బయటి నకలు ఒకటి పెట్టబోతున్నాం కూడా. కానీ మా తప్పు సర్వరు ఎక్కడుందన్న దాంట్లో లేదు. ఎవరికి ఏది కనిపించాలో ఆలోచించకుండా అన్నీ ఒకచోట పడేయడంలో ఉంది. ఆ జాబితాను ఎంత పెద్ద సేవలో పెట్టినా అది అక్కడా ఉండేది.

మాటల పట్టిక అందరిదీ. అది దొంగిలించుకుపోయినా మాకు సంతోషమే, ఇంకో నకలు పెరుగుతుంది. మీ కాగితాలు మీవి. మేం వాటిని కాసేపు పట్టుకున్నవాళ్లం, అంతే. కాబట్టి ఇకమీదట సంఘానికి ఏ నకలు ఇచ్చినా, పని అయ్యాక "నా కాగితం ఏం చేశారు?" అని అడగండి. అడిగితే ఏమనుకుంటామో అని మొహమాటపడొద్దు. మేం చెరిపామో లేదో చెప్పి తీరాలి.

ఆ గదికి ఇప్పుడు జైలు అన్న పేరు లేదు. సర్వరులో ఆ ఫోల్డరు పేరే "ముందరి గది" అని మార్చేశాం. పెద్దాయన రోజూ సాయంత్రం మనవడితో వచ్చి కూర్చుంటున్నారు. పోయిన వారం నలభై రెండు తప్పులు పట్టారు, అందులో ముప్పై మావే.

మాటలు చేర్చాలనుకునేవాళ్లు ఆదివారం తరగతి అయ్యాక సంఘం గదికి రండి. మనిషికొక తాళంచెవి మేమే చేసిస్తాం. దాన్ని మాత్రం వాట్సాప్‌లో పెట్టకండి.

ఈ పోస్టులో తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాం.